గుండె మాత్ర లెక్కలో గన్నేరు పాలెంత?

విశాఖపట్నంలో గన్నేరు కనిపించని పేట అరుదు. పెరటి గోడ వారన ఎర్ర గన్నేరు, గుడి ప్రహరీ పక్కన పచ్చ గన్నేరు, హైవే డివైడర్ల మీద గులాబీ రంగు గన్నేరు. నీళ్లు పోయకపోయినా బతుకుతుంది, పశువు మూతి పెట్టదు, పొద్దున్నే సజ్జ నిండా పూలిస్తుంది. ఆకులో, గింజలో, కొమ్మ విరిస్తే కారే పాలలో మాత్రం గుండె లయను తప్పించే విషం ఉంది. అదే ఊళ్లో, కింగ్ జార్జ్ ఆసుపత్రి చుట్టుపక్కల మహారాణిపేట మందుల షాపుల్లో, డిజాక్సిన్ అనే చిన్న మాత్ర దొరుకుతుంది. గుండె లయను చక్కబెట్టడానికి వాడే మందు అది. విషమూ మందూ రసాయనశాస్త్రం లెక్కలో దాయాదులు. చిక్కేమిటంటే, రక్తంలో డిజాక్సిన్ ఎంతుందో కొలిచే యంత్రం ఒక్కోసారి ఈ దాయాదుల తేడా పోల్చుకోలేదు.

పోల్చుకోలేనిది గన్నేరునొక్కదాన్నే అయితే బాధ లేదు. డిజాక్సిన్ లెవెల్‌ను తప్పుదారి పట్టించేవిగా ప్రపంచ వైద్య పత్రికలు యాభై ఏళ్లుగా రాసుకొస్తున్న జాబితాలో చాలా భాగం ఉత్తరాంధ్ర వాకిట్లోనే ఉంది: ఉద్దానం కిడ్నీ రోగులు, నీరు పోయే మాత్రలు, పచ్చ గన్నేరు గింజలు, పెన్నేరు గడ్డ చూర్ణం, జుట్టు రాలకుండా వేసుకునే బయోటిన్ బిళ్లలు.

ముందు మందు సంగతి. ఇంగ్లండులో విలియం విథరింగ్ అనే వైద్యుడు ఫాక్స్‌గ్లోవ్ మొక్క ఆకులతో ఒంటికి నీరు పట్టిన రోగులకు చేసిన వైద్యాన్ని 1785లో పుస్తకంగా అచ్చువేశాడు. ఆ జాతికే చెందిన మరో మొక్క డిజిటాలిస్ లనాటా. దాని నుంచి 1930లో సిడ్నీ స్మిత్ డిజాక్సిన్‌ను విడదీశాడు. గుండె కణం గోడలో సోడియాన్ని బయటికి, పొటాషియాన్ని లోపలికి తోడే పంపు ఒకటుంటుంది. డిజాక్సిన్ దాన్ని కొంతమేర ఆపుతుంది. దాంతో గుండె పట్టు పెరుగుతుంది. మరోవైపు నరాల ద్వారా పనిచేసి, గాడి తప్పి పరుగెత్తే నాడిని నెమ్మదింపజేస్తుంది. చిన్నప్పటి కీళ్లవాతం జ్వరంతో గుండె కవాటాలు పాడై, పెద్దయ్యాక ఆయాసంతో, అస్తవ్యస్తమైన నాడితో వచ్చే రోగులకు మన ఆసుపత్రుల్లో ఇది దశాబ్దాలుగా రాస్తున్న మందు. వారానికి అయిదు రోజులు వేసుకోమని, శని ఆదివారాలు మానేయమని చీటీ మీద రాయడం మన దేశంలో పాత వైద్యుల అలవాటు. ఒంట్లో మందు పేరుకుపోతుందన్న భయంలోంచి పుట్టిన సెలవు అది.

ఆ భయానికి కారణముంది. పని చేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య సందు చాలా ఇరుకు. ఒకప్పుడు మిల్లీలీటరు రక్తసారంలో 0.8 నుంచి 2 నానోగ్రాముల దాకా సరైన స్థాయి అనేవారు. 6,800 మంది గుండె వైఫల్య రోగుల మీద చేసిన డిగ్ అధ్యయనం 1997లో వెలువడింది. డిజాక్సిన్ వల్ల ఆసుపత్రి పాలవడం తగ్గుతుంది కానీ మరణాలు తగ్గవని అది తేల్చింది. అదే సమాచారాన్ని 2003లో మళ్లీ తరచి చూస్తే, మగవారిలో 0.5 నుంచి 0.8 మధ్య ఉన్నవారికి మేలు జరిగిందని, 1.2 దాటినవారిలో మరణాలు పెరిగాయని తెలిసింది. ఇప్పుడు గుండె వైఫల్యంలో 0.5–0.9 మధ్య ఉంచాలన్నది మార్గదర్శకాల మాట. మిల్లీలీటరుకు ఒక నానోగ్రాము అంటే ఎంతో ఊహించాలంటే, పదివేల లీటర్లు పట్టే నీళ్ల ట్యాంకర్లు వంద వరసగా నిలబెట్టి, మొత్తం నీళ్లలో ఒక గ్రాము మందు కలపాలి. ఆ పలచనలో 0.8కీ 1.2కీ తేడా కనిపెట్టాలి.

ఇంత సూక్ష్మంగా కొలవడం 1960ల దాకా వైద్యుల చేతిలో లేదు. సాలమన్ బెర్సన్, రోజలిన్ యాలో ఇన్సులిన్ కోసం తయారు చేసిన రేడియో ఇమ్యునోఎస్సే దారి చూపింది. ఆ కృషికి యాలోకు 1977లో నోబెల్ వచ్చింది. అప్పటికే బెర్సన్ కన్నుమూశాడు. 1967లో బట్లర్, చెన్ అనే పరిశోధకులు డిజాక్సిన్‌ను పట్టుకునే యాంటీబాడీలను పుట్టించారు. 1969లో స్మిత్, బట్లర్, హేబర్‌లు వాటితో రోగుల రక్తంలో మందు స్థాయిని కొలిచి చూపించారు. ఈనాటి యంత్రాల్లో రేడియో ధార్మికత పోయి కాంతి, ఎంజైములు వచ్చాయి కానీ కిటుకు అదే.

ఆ కిటుకును ఆర్టీసీ కాంప్లెక్స్‌లో శ్రీకాకుళం బస్సుతో పోల్చవచ్చు. బస్సులో సీట్లు యాంటీబాడీలు. వాటి సంఖ్య పరిమితం. ల్యాబు వాళ్లు కొందరు ప్రయాణికులకు మెరిసే చొక్కాలు తొడిగి పంపుతారు. ఇవి గుర్తు పెట్టిన డిజాక్సిన్ అణువులు. రోగి రక్తంలోని డిజాక్సిన్ మామూలు చొక్కాతో ఎక్కుతుంది. తోపులాట అయ్యాక, మెరిసే చొక్కాలు ఎన్నింటికి సీటు దొరికిందో యంత్రం లెక్కపెడుతుంది. తక్కువ మందికి దొరికితే, మిగతా సీట్లన్నీ రోగి మందే ఆక్రమించిందని తీర్మానించి రిపోర్టులో పెద్ద అంకె అచ్చువేస్తుంది. ఆ సీట్లలో కూర్చున్నవాళ్ల టికెట్టు ఎవరూ అడగరు. టికెట్టు లేకుండా ఎక్కినవాడు కూడా డిజాక్సిన్ ఖాతాలోకే పోతాడు. క్రాస్ రియాక్టివిటీ అనే మాటకు అర్థమిదే.

బలహీనత యాంటీబాడీ పుట్టుకలోనే ఉంది. డిజాక్సిన్ మరీ చిన్న అణువు. దాన్ని ఒక్కదాన్నే సూదితో ఎక్కిస్తే జంతువు ఒళ్లు పట్టించుకోదు, యాంటీబాడీ పుట్టదు. అందుకని దాని తోక చివరి చక్కెర దగ్గర పట్టుకుని ఒక పెద్ద ప్రొటీన్‌కు అతికించారు. తోక ప్రొటీన్‌కు అంటుకుపోయింది కాబట్టి పుట్టిన యాంటీబాడీకి బాగా పరిచయమైంది తల భాగమే. ఆ తల ఒక స్టీరాయిడ్ చట్రం. ప్రకృతిలో స్టీరాయిడ్ చట్రాలకు కరువు లేదు. మన అడ్రినల్ గ్రంథి చేస్తుంది, గన్నేరు చెట్టు చేస్తుంది, కప్ప చర్మం చేస్తుంది, మందుల కంపెనీలూ చేస్తాయి.

మొదటి టికెట్టు లేని ప్రయాణికులు డిజాక్సిన్ సొంత పిల్లలే. ఒంట్లో తోకలోని చక్కెరలు ఒక్కొక్కటే ఊడితే వచ్చే ముక్కలను చాలా యాంటీబాడీలు అసలు మందుగానే లెక్కిస్తాయి. ఇంకో ముక్క ఇందుకు తలకిందులు. పేగులోని ఎగ్గర్తెల్లా లెంటా అనే బాక్టీరియా కొందరిలో డిజాక్సిన్‌ను పనికిరాని డైహైడ్రోడిజాక్సిన్‌గా మార్చేస్తుంది. ఈ బాక్టీరియా కథలో దక్షిణాదికీ చోటుంది. వెల్లూరుకు చెందిన మథన్, న్యూయార్కుకు చెందిన లిండెన్‌బామ్ బృందాలు 1989లో ఇచ్చిన లెక్క ప్రకారం, న్యూయార్కు వాసుల్లో మూడో వంతుకు పైగా ఈ మార్పు కనిపిస్తే, దక్షిణ భారతీయుల్లో దాదాపు ఏడో వంతు మందిలోనే కనిపించింది. మాత్ర ఒకటే అయినా, ఊరు మారితే పేగు మారుతుంది, రక్తంలో చేరే మందు మారుతుంది.

దగ్గరి చుట్టం డిజిటాక్సిన్ కథ మరొకటి. డిజాక్సిన్‌కూ దీనికీ ఒక్క హైడ్రాక్సిల్ గుంపు తేడా. చాలా దేశాల్లో మరుగున పడిన ఈ మందును జర్మన్ వైద్యులు 1,212 మంది గుండె వైఫల్య రోగులకు పరీక్షించి, మరణాలూ ఆసుపత్రి చేరికలూ కలిపి చూస్తే తగ్గాయని 2025లో ప్రకటించారు. ఇది మళ్లీ వాడుకలోకి వస్తే, ఏ మందుకు ఏ కిట్ అన్న జాగ్రత్త ల్యాబుల్లో కొత్తగా మొదలుపెట్టాలి.

డిజాక్సిన్ మాత్ర ఎన్నడూ మింగని మనిషి రక్తంలో డిజాక్సిన్ ఉన్నట్టు రిపోర్టు రావడం అన్నిటికన్నా వింత. 1980లో గ్రూబర్ బృందం కుక్కల రక్తంలో డిజాక్సిన్ యాంటీబాడీకి అంటుకునే పదార్థం సహజంగానే ఉందని నేచర్ పత్రికలో రాసింది. మరో మూడేళ్లకు నవజాత శిశువుల్లో, కిడ్నీలు చెడినవారిలో ఇలాంటి పదార్థమే ఉందని తేలింది. గర్భిణుల్లో, కాలేయం చెడినవారిలో కూడా కనిపించింది.

ఈ సంగతి తెలియకముందే టొరంటోలోని పిల్లల ఆసుపత్రిలో ఒక విషాదం మొదలైంది. 1980 జూన్ నుంచి 1981 మార్చి దాకా అక్కడి గుండె వార్డులో పసిపిల్లల మరణాలు అసాధారణంగా పెరిగాయి. రక్తంలో, కణజాలంలో డిజాక్సిన్ ఎక్కువగా ఉందన్న ఫలితాల ఆధారంగా ఒక నర్సును హత్యానేరం కింద అరెస్టు చేశారు. 1982లో ప్రాథమిక విచారణ దశలోనే న్యాయమూర్తి ఆమెను విడుదల చేశారు. తరువాత వేసిన గ్రేంజ్ కమిషన్ కొందరు పిల్లలకు కావాలనే మందు ఎక్కువ ఇచ్చారని అభిప్రాయపడింది. పసివాళ్ల రక్తంలో సహజంగా ఉండే ఆ పదార్థం, చనిపోయాక కణజాలం నుంచి రక్తంలోకి తిరిగి చేరే డిజాక్సిన్, ఈ రెండింటినీ కలిపి చూస్తే ఆ అంకెలను ఎంతవరకు నమ్మాలన్న వాదన ఆ తరువాత కూడా ఆగలేదు.

టొరంటో దూరం. ఉద్దానం దగ్గరే. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కారణం తేలని కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఊళ్లను తినేస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం మొదలయ్యేదాకా పెద్ద వైద్యం కావాలంటే అక్కడివారికి విశాఖ రైలే దిక్కు. అలాంటి మనిషికి గుండె జబ్బు కూడా తోడై డిజాక్సిన్ మొదలుపెడితే రెండు వైపుల నుంచి ఇబ్బంది. మొదటిది నిజమైన ప్రమాదం: ఈ మందు ఒంట్లోంచి పోయేది ప్రధానంగా కిడ్నీల ద్వారానే. మామూలుగా ఒకటిన్నర రెండు రోజుల్లో సగమయ్యే మందు, కిడ్నీలు పూర్తిగా చెడినవారిలో నాలుగైదు రోజులు తీసుకుంటుంది. రెండోది భ్రమ: కిడ్నీ రోగుల్లో పేరుకునే సహజ పదార్థం పాత తరం కిట్లలో డిజాక్సిన్‌గా చదివించుకుంటుంది. ఆ అదనం తరచు 1 నానోగ్రాము లోపే. లక్ష్యమే 0.5–0.9 అయిన చోట ఆ లోపు కూడా చిన్నదేం కాదు. పెరిగిన అంకె నిజమని మాత్ర ఆపినా, భ్రమ అనుకుని కొనసాగించినా నష్టపోయేది ఒకే మనిషి.

ఇదంతా అంకెను ఎక్కువ చేసి చూపే పొరపాటు. తక్కువ చేసి చూపేది అంతకన్నా ప్రమాదం. నీరు పోయే మాత్రల్లో స్పైరోనోలాక్టోన్ ఒకటి. ఆల్డాక్టోన్ పేరుతో, ఫ్యూరోసెమైడ్‌తో కలిపి లాసిలాక్టోన్ పేరుతో, విశాఖలో ఏ మందుల షాపువాడికైనా నోటికి వచ్చిన పేర్లే. ఇది కూడా స్టీరాయిడ్ చట్రమే. 1999లో 1,663 మంది మీద జరిగిన రేల్స్ అధ్యయనం, తీవ్రమైన గుండె వైఫల్యంలో ఇది మరణాలను 30 శాతం తగ్గిస్తుందని తేల్చింది. అందులో చేరిన రోగుల్లో చాలామంది డిజాక్సిన్ కూడా వాడుతున్నవారే. సరిగ్గా అదే ఏడాది మ్యూనిక్‌కు చెందిన స్టైమర్ బృందం లాన్సెట్ పత్రికలో ఒక హెచ్చరిక చేసింది. స్పైరోనోలాక్టోన్ నుంచి పుట్టే కాన్రెనోన్ ఒక రకం పరీక్షలో డిజాక్సిన్ అంకెను ఉన్నదానికన్నా తగ్గించి చూపిందని, తక్కువగా ఉందనుకుని మందు పెంచితే రోగికి విషమెక్కిందని రాసింది. 2002లో అదే బృందం అనేక కిట్లను పక్కపక్కన పెట్టి చూసింది. కొన్ని ఎక్కువ చూపాయి, కొన్ని తక్కువ చూపాయి, కొన్నింటిని ఈ మందు కదిలించనే లేదు. ఒకే రక్తం మూడు యంత్రాల్లో మూడు కథలు చెప్పింది.

ఇక గన్నేరు. గన్నేరులో ఓలియాండ్రిన్, పచ్చ గన్నేరులో థెవెటిన్ లాంటి విషాలు డిజాక్సిన్ యాంటీబాడీకి ఎంతోకొంత అంటుకుంటాయి. ఆయుర్వేదం గన్నేరును కరవీరం పేరుతో ఉపవిషాల్లో చేర్చింది. మన డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ రూల్స్‌లోని షెడ్యూల్ ఈ-1 కూడా దాన్ని విష ద్రవ్యాల జాబితాలో పెట్టింది. దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ పచ్చ గన్నేరు విషంతో ఆసుపత్రికి వచ్చే కేసులు ఎమర్జెన్సీ వార్డులకు కొత్త కావు. అలాంటి రోగి రక్తానికి డిజాక్సిన్ పరీక్ష చేస్తే ఏదో ఒక అంకె వస్తుంది. విషం ఒంట్లోకి వెళ్లిందన్న అనుమానానికి అది బలమిస్తుంది. ఎంత వెళ్లిందో మాత్రం చెప్పదు, ఎందుకంటే ఆ యంత్రం తూకపు రాళ్లు డిజాక్సిన్‌వి. 0.4 అన్న అంకె చూసి ఊపిరి పీల్చుకున్న వైద్యుడి ఎదుటే ఈసీజీలో గుండె దారి మూసుకుపోవచ్చు. అందుకే ఇక్కడ పెద్దపీట ఈసీజీకీ పొటాషియానికీ.

ఇదే పొరపాటు ఒక్కోసారి మేలు చేస్తుంది. 1993–95 మధ్య న్యూయార్కులో మగతనం పెంచుతుందని అమ్మిన ఒక సరుకును పొరపాటున మింగి అయిదుగురు మగవాళ్లు జబ్బుపడ్డారు, నలుగురు చనిపోయారు. అందులో ఉన్నది కప్ప విషం. దాని బ్యూఫాలిన్ లాంటి పదార్థాలు డిజాక్సిన్ పరీక్షలో పట్టుబడటంతో దారి దొరికింది. 2023లో అమెరికాలో బరువు తగ్గడానికని తెజొకోటె వేరు పేరుతో అమ్మిన సరుకులో ఉన్నది మన పచ్చ గన్నేరేనని తేలింది.

విరుగుడుది మరీ విచిత్రమైన కథ. గొర్రెల్లో పుట్టించిన డిజాక్సిన్ యాంటీబాడీ ముక్కలనే 1976లో స్మిత్, హేబర్‌లు ప్రాణాపాయంలో ఉన్న రోగికి మందుగా ఎక్కించారు. పరీక్షకు వాడే ఆయుధమే ప్రాణం నిలిపింది. శ్రీలంకలో ఎడిల్‌స్టన్ బృందం 66 మంది పచ్చ గన్నేరు రోగుల మీద చేసిన పరీక్షలో, ఈ విరుగుడు గుండె లయను త్వరగా చక్కదిద్దుతుందని 2000లో తేలింది. అంటే ఇక్కడ క్రాస్ రియాక్టివిటీయే వైద్యం. ధర మాత్రం మన దేశాల ఆసుపత్రులకు అందనంత. విరుగుడు ఎక్కించిన తరువాత మళ్లీ రక్తం తీసి పరీక్షకు పంపితే అంకె అమాంతం పైకెక్కుతుంది. కణజాలంలో దాగిన మందు రక్తంలోకి వచ్చి విరుగుడుకు అతుక్కుని ఉంటుంది. పని చేయలేని ఆ మందును కూడా యంత్రం లెక్కలో వేస్తుంది. అలాంటప్పుడు స్వేచ్ఛగా ఉన్న డిజాక్సిన్‌ను విడిగా కొలవాలి, లేదా కొన్ని రోజులు ఆగాలి.

మిగతావాటిని క్లుప్తంగా చెప్పుకోవచ్చు. అమెరికాలో అమితావ దాస్‌గుప్తా బృందం 2007లో అశ్వగంధను, అంటే మన పెన్నేరు గడ్డను, పరీక్షించి కొన్ని కిట్లలో స్వల్పమైన తేడా వస్తుందని చూపింది. బయోటిన్‌ను పిడికిలిగా వాడుకునే యంత్రాల్లో రక్తంలోని అదనపు బయోటిన్ లెక్క చెడగొడుతుంది. మనిషికి రోజుకు కావలసింది 30 మైక్రోగ్రాములైతే, జుట్టు కోసం అమ్మే బిళ్లల్లో 5,000 నుంచి 10,000 దాకా ఉంటుంది. 2017లో అమెరికా ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక జారీ చేసింది. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్షలో బయోటిన్ వల్ల తప్పుడు తక్కువ అంకె వచ్చి ఒక రోగి చనిపోయినట్టు అందులో ప్రస్తావించింది. గుండె మార్పిడి చేయించుకున్నవారు వాడే సైక్లోస్పోరిన్‌కూ ఇదే తంటా: ఒంట్లో విరిగిన ముక్కలను కూడా మందుగా లెక్కించే కిట్లున్నాయి.

యంత్రం తప్పేమీ లేకుండా అంకె తప్పేది వేళ వల్ల. మింగిన మాత్ర రక్తం నుంచి కణజాలంలోకి సర్దుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. స్టీల్‌ప్లాంటులో సీ షిఫ్టు దిగి ఇంటికొచ్చి, మాత్ర వేసుకుని, అటునుంచే ల్యాబుకు వెళ్లి రక్తమిచ్చిన ఉద్యోగిని ఊహించుకోండి. ఆయన రిపోర్టులో 2.4 రావచ్చు. సాయంత్రం తీస్తే 0.9 ఉండేది. విశాఖలో చిన్న ల్యాబులు ఇలాంటి అరుదైన పరీక్షలను పెద్ద నగరాల రిఫరెన్స్ ల్యాబులకు పంపుతుంటాయి. శాంపిల్ విమానమెక్కుతుంది కానీ మాత్ర వేసుకున్న వేళ దాని వెంట ప్రయాణించదు.

అనుమానం వస్తే తీర్చుకునే దారులున్నాయి. శాంపిల్‌ను సగానికి పలచన చేస్తే నిజమైన డిజాక్సిన్ అంకె సగమవుతుంది, దొంగ ప్రయాణికుడి అంకె ఆ లెక్క తప్పుతుంది. సన్నని జల్లెడ గుండా వడకడితే, ప్రొటీన్‌కు గట్టిగా అంటుకునే సహజ పదార్థాలు, కాన్రెనోన్, ఓలియాండ్రిన్ పైనే నిలిచిపోతాయి. డిజాక్సిన్‌లో నాలుగో వంతే ప్రొటీన్‌కు అంటుతుంది కాబట్టి అది కిందికి దిగుతుంది. వేరే కంపెనీ యంత్రంలో మళ్లీ చేయించడం అన్నిటికన్నా సులువు. అణువు బరువును తూచే మాస్ స్పెక్ట్రోమెట్రీకి పోలికల గొడవే లేదు, కానీ ఖరీదు, నిపుణులు, సమయం కావాలి. కొత్త తరం మోనోక్లోనల్ యాంటీబాడీల కిట్లలో సహజ పదార్థాల బెడద చాలావరకు తగ్గింది. గన్నేరు బెడద అంతగా తగ్గలేదు.

పెదగంట్యాడ దగ్గర 270 ఎకరాల్లో ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ ఉంది. వైద్య పరికరాలూ పరీక్షా కిట్లూ ఇక్కడే తయారు కావాలన్నది దాని ఉద్దేశం. ప్రతి కిట్ డబ్బాలోనూ ఏ పదార్థం ఎంత శాతం పొరపాటుకు దారితీస్తుందో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. ఆ పట్టికలో స్పైరోనోలాక్టోన్ పక్కనే పచ్చ గన్నేరు, పెన్నేరు, ఉద్దానం రోగి రక్తసారం కూడా చేరితే అది ఈ ప్రాంతపు వైద్యుడికి పనికొచ్చే పట్టిక అవుతుంది. 1923 నుంచి నడుస్తున్న కింగ్ జార్జ్ ఆసుపత్రి, ఆంధ్ర వైద్య కళాశాల ఒక పక్క, మెడ్‌టెక్ జోన్ మరో పక్క ఉన్న ఊరికి ఆ పరీక్షలు తలకు మించిన పనేం కాదు.

అంతదాకా ఖర్చు లేని పని ఒకటుంది. రక్తం తీసే కుర్రాడి చేతిలోని ఫారంలో మూడు గీతలు చేర్చడం: మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చివరిసారి ఎంత, ఇంకా ఏమేం వాడుతున్నారు. మూడో ప్రశ్నకు చాలామంది "ఏం లేదు బాబూ" అనే అంటారు. నీరు పోయే బిళ్ల, పొద్దున తాగిన కషాయం, కూతురు ఆన్‌లైన్‌లో తెప్పించిన జుట్టు మాత్ర వాళ్ల లెక్కలో మందులు కావు. అందుకని ఆ కుర్రాడు ఒక్కొక్కటే పేరు పెట్టి అడగాలి.